కుంగుబాటుకు 14 నెలల చికిత్స: పనిచేసినవి, పనిచేయనివి

ఒక మానసిక వైద్య క్లినిక్‌లో 14 నెలలుగా కుంగుబాటుకు, అంటే డిప్రెషన్‌కు, చికిత్స తీసుకుంటున్నాను. అందులో మాత్రలు ఉన్నాయి, సైకాలజిస్టుతో వారం వారం కూర్చున్న గంటలు ఉన్నాయి, ఆ రెండింటినీ ఒక దారిలో నడిపించిన పద్ధతి ఉంది. ఈ మూడింటినీ విడివిడిగా తూచి చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను. క్లినిక్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే నాకు మేలు చేసిన విషయం ఏమిటో తెలిస్తే దాన్ని ఎవరైనా తమ వైద్యుల దగ్గర అడిగి తీసుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: మందు మంచిదే, మాటల చికిత్స నాకు అంతకంటే ఎక్కువ ఉపయోగపడింది, కానీ ఈ రెండూ పనిచేసేలా చేసింది మాత్రం నేను వెళ్లిన ప్రతిసారీ నా స్థితిని అంకెల్లో కొలిచి, ఆ అంకె తగ్గనప్పుడు చికిత్సను మార్చిన వాళ్ల పట్టుదల.

ఈ క్లినిక్‌కు రావడానికి ముందు నాకు చికిత్స దొరకలేదని అనలేను. ఒళ్లు నొప్పులు, నీరసం, తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ రావడం అనే ఫిర్యాదులతో మొదట ఒక జనరల్ ఫిజీషియన్‌ను కలిస్తే రెండు నెలలు విటమిన్ మాత్రలు వాడించారు. ఆ తర్వాత ఒక మానసిక వైద్యుడు నాతో ఐదారు నిమిషాలు మాట్లాడి, డిప్రెషన్ అని సరిగ్గానే గుర్తించి, ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. రోగనిర్ధారణ తప్పు కాదు, మందూ తప్పు కాదు. తప్పు ఆ తర్వాతే మొదలైంది. నెలకొకసారి వెళ్లడం, "ఎలా ఉంది?" అని ఆయన అడగడం, "పర్వాలేదండీ" అని నేను అనడం, పాత చీటీ మీద కొత్త తేదీ పడడం, ఇలా 7 నెలలు గడిచాయి. నిజానికి ఆ 7 నెలల్లో నేను ఉద్యోగంలో సగం పని కూడా చేయలేకపోయాను, స్నానం చేయడానికి రెండు గంటలు మనసును సిద్ధం చేసుకునేదాన్ని. అయినా "పర్వాలేదు" అనే మాటే నోటికి వచ్చేది. కుంగుబాటులో ఉన్న మనిషికి తన స్థితిని వర్ణించే ఓపిక ఉండదు, పైగా వైద్యుడిని విసిగిస్తున్నానేమోనన్న భయం ఒకటి. ఆ జబ్బు లక్షణమే ఆ జబ్బును దాచిపెడుతుంది. ఈ సంగతి తెలియని వైద్యులు ఉండరు. కాబట్టి దాన్ని తెరిచి చూసే బాధ్యత వాళ్లదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మా అక్క బలవంతం మీద ఈ క్లినిక్‌కు మారాను. మొదటి రోజు 50 నిమిషాలు పట్టింది. వైద్యురాలు నేరుగా మందుల గురించి మాట్లాడలేదు. థైరాయిడ్, విటమిన్ బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు, ఎందుకంటే థైరాయిడ్ గ్రంథి మందగించినా, రక్తహీనత ఉన్నా కుంగుబాటును పోలిన నీరసం, నిరాసక్తత వస్తాయి, ఉన్న కుంగుబాటు మరింత ముదురుతుంది. ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర అవసరమే లేనంత హుషారుగా, మాటలు ఆగనంత వేగంగా, డబ్బు లెక్కచేయనంత ధీమాగా ఉన్నానా అని చాలాసేపు అడిగారు. ఆ ప్రశ్న ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. బైపోలార్ రుగ్మత, అంటే మనసు కుంగుబాటుకూ అతి హుషారుకూ మధ్య ఊగే జబ్బు, ఉన్నవాళ్లు కూడా చాలామంది కుంగిన దశలోనే వైద్యుల దగ్గరికి వస్తారు, వాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మనసు ఒక్కసారిగా ఉన్మాదపు కొసకు ఎగిసే ప్రమాదం ఉంది, అందుకే మాత్ర రాసే ముందు ఆ ప్రశ్న అడగాలి. అంతకుముందు 7 నెలలు నన్ను ఎవరూ అడగలేదు. చదువుకునే రోజుల్లో ఒక ఏడాది నేను ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన సంగతిని కూడా ఆమే బయటికి లాగారు. దాన్ని నేను బద్ధకమని అనుకుంటూ వచ్చాను. అది నా మొదటి విడత కుంగుబాటు అని ఆమె చెప్పినప్పుడు, ఇన్నేళ్లూ నా మీద నేను వేసుకున్న నింద కొంత దిగిపోయినట్లు అనిపించింది.

ఆ తర్వాత నా ముందు ఒక కాగితం పెట్టారు. అది పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, మనసు దిగులు, నిద్ర, అలసట, ఆకలి, నేను పనికిరానిదాన్నన్న భావన, ఏకాగ్రత, కదలికల్లో మందకొడితనం లేదా స్థిమితం లేకపోవడం, చివరగా చనిపోతే బాగుండునన్న ఆలోచనలు, ఇలా తొమ్మిది ప్రశ్నలు ఉంటాయి. ప్రతి ప్రశ్నకూ "అసలు లేదు" అంటే 0, "దాదాపు ప్రతిరోజూ" అంటే 3. మొత్తం 27. 5 కంటే తక్కువ వస్తే లక్షణాలు దాదాపు లేనట్లే, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం అని లెక్క. నాకు 19 వచ్చింది. ఏడో ప్రశ్న, చదివేటప్పుడు లేదా టీవీ చూసేటప్పుడు మనసు నిలుస్తోందా అన్నదానికి, నేను అదే వాక్యాన్ని నాలుగుసార్లు చదివి అర్థం చేసుకోవలసి వచ్చింది. 3 అని గుండ్రం చుట్టాను.

తొమ్మిదో ప్రశ్నకు నేను 1 వేశాను. వైద్యురాలు ఆ అంకె దగ్గర ఆగి, పెన్ను కింద పెట్టి, ఆ ఆలోచనలు ఎప్పుడు వస్తాయి, ఏం చేయాలని అనిపిస్తుంది, ఏది ఆపుతోంది అని మామూలు గొంతుతో, తొందర లేకుండా అడిగారు. ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు, కానీ అలా జరగదు, అడిగినందువల్ల మనిషికి ఊపిరి పీల్చుకోవడానికి చోటు దొరుకుతుంది. నాకు దొరికింది. ఆ ఆలోచనలు పెరిగితే తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎవరికి ఫోన్ చేయాలో, ఏ అత్యవసర విభాగానికి వెళ్లాలో ఒక కాగితం మీద రాయించి, మా అక్క నంబరు కూడా నా చేతే అందులో రాయించారు. ఇది చదువుతున్న వారిలో ఎవరికైనా ఆ తొమ్మిదో ప్రశ్న దగ్గర చేయి ఆగితే, దయచేసి మిగతా సమీక్ష తర్వాత చదవండి, ముందు పక్కనున్న మనిషికి చెప్పండి, అత్యవసర సహాయం అడగండి.

ఇక మందుల సంగతి. కొత్త వైద్యురాలు పాత మాత్రను వెంటనే తీసేయలేదు. ఎస్సిటలోప్రామ్ పెద్దలకు 20 మిల్లీగ్రాముల వరకు వాడే మందు, నేను 7 నెలలు సగం మోతాదు మీదే ఉన్నానని చెప్పి, మోతాదు పెంచి, ఐదు వారాలు గడువు పెట్టారు. ఈ గడువు అనే మాటే నాకు కొత్త. కుంగుబాటు మందులకు ఫలితం కనిపించడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, సరైన మోతాదులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడి చూసినా చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే ఆ మందును పట్టుకుని వేలాడడంలో అర్థం లేదు. ఐదు వారాల తర్వాత నా అంకె 16. మూడే తగ్గింది. మొదటి అంకెలో సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్లు, 5 కంటే తక్కువకు దిగితే జబ్బు నెమ్మదించినట్లు అని ఆమె ముందే చెప్పి ఉన్నారు కాబట్టి, ఈ ఫలితం చాలదని నాకే తెలిసిపోయింది. ఆ రోజు నేను మరింత కుంగిపోవలసింది, కానీ కుంగిపోలేదు. మొదటి మందు కుదరకపోవడం నా ఒక్కరి దురదృష్టం కాదని ఆమె వివరించారు. అమెరికాలో 4,000 మందికి పైగా రోగులతో జరిగిన స్టార్-డీ అనే పెద్ద అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవాళ్లు దాదాపు మూడో వంతు మంది మాత్రమే. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి, వాటిలో తర్వాతి దశల లెక్కలను ఇటీవలి పునఃపరిశీలనలు గట్టిగా ప్రశ్నించాయి. మొదటి మాత్రే చివరి మాత్ర అవుతుందని ఆశపడకూడదన్న విషయం మాత్రం చెక్కుచెదరలేదు. ఇది మొదటి వైద్యుడు నాకు ఒక్క ముక్కలో చెప్పి ఉంటే, నేను బాగుపడే రకాన్ని కాదన్న నమ్మకంతో 7 నెలలు బతకవలసిన అవసరం ఉండేది కాదు.

ఆ తర్వాత సెర్ట్రలిన్ అనే మరో మందుకు మార్చారు. పాతదాన్ని కొన్ని రోజుల్లో తగ్గిస్తూ, కొత్తదాన్ని 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టారు. మొదటి పది రోజులు చాలా కష్టంగా గడిచాయి. కడుపులో వికారం, విరేచనాలు, ఆవలింతలు, ఇంతకుముందు లేని ఒక కంగారు. రెండో వారం నింపిన కాగితం మీద అంకె 16 నుంచి 17కు పెరిగింది. ఇంతకుముందులాగా ఇంట్లో ఒంటరిగా ఉండి ఉంటే మాత్రను ఆ వారమే పారేసేదాన్ని. కానీ ఇవన్నీ మొదటి రెండు వారాల్లో వచ్చి సాధారణంగా తగ్గిపోయేవని, తినగానే మాత్ర వేసుకుంటే వికారం తగ్గుతుందని నర్సు నాలుగో రోజే ఫోన్ చేసి చెప్పారు. ఆ ఫోన్ కాల్ మూడు నిమిషాలు కూడా లేదు. నా మొత్తం చికిత్సలో అత్యంత విలువైన మూడు నిమిషాలు అవే అని ఇప్పటికీ అనుకుంటాను. వయసు 24 లోపు ఉన్నవాళ్లలో ఈ మందులు మొదలుపెట్టిన కొత్తలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందుల సమాచార పత్రాల్లో గడి కట్టిన హెచ్చరిక వేయిస్తోంది. ఆ సంస్థ 2004లో పిల్లలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు తెచ్చిన ఆ హెచ్చరికను 2007లో 24 ఏళ్ల వరకు పెంచింది. నా వయసు అంతకంటే ఎక్కువే అయినా, మొదటి నెలలో ఎవరో ఒకరు పలకరించడం ఏ వయసు వాళ్లకైనా అవసరమే.

నాలుగో వారంలో మోతాదు 100కు పెరిగింది, అంకె 14కు దిగింది. ఎనిమిదో వారానికి 11. మార్పు మొదట నాకంటే ఇంట్లోవాళ్లకే తెలిసింది. తెల్లవారుజామున మూడున్నరకు కాకుండా ఐదున్నరకు మెలకువ వస్తోందని నేను గమనించడానికే వారం పట్టింది. మందు నాకు ఆనందం ఇవ్వలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. గొంతు దాకా ఉన్న నీరు నడుము దాకా దిగింది, కాళ్లు కదపడానికి వీలైంది, అంతే. ఈ మందులు ఎలా పనిచేస్తాయన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం తక్కువైతే కుంగుబాటు వస్తుందని, మాత్ర ఆ లోటు పూడుస్తుందని పాత వైద్యుడు చెప్పిన లెక్కకు గట్టి ఆధారాలు లేవని 2022లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది. అలాగని మందులు పనిచేయవని అర్థం కాదు. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ 522 ప్రయోగాలను, 1,16,477 మంది రోగులను, 21 మందులను కలిపి చూసింది. ఆ 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేశాయి, కాకపోతే సగటున ఆ తేడా ఓ మోస్తరుదే. అసలు ఈ మందుల చరిత్రే అలాంటిది. 1950ల్లో క్షయకు ఇచ్చిన ఇప్రోనయాజిడ్ అనే మందుతో రోగులు హుషారుగా మారడం వైద్యులు గమనించారు, అదే దశకంలో స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ కుంగుబాటుకు పనిచేస్తోందని కనిపెట్టారు. ముందు మేలు కనిపించింది, కారణం కోసం వెతుకులాట ఆ తర్వాత మొదలైంది.

అంకె 11 దగ్గర ఆగిపోయినప్పుడు మాటల చికిత్స మొదలుపెట్టారు. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన కుంగుబాటుకు మందూ మాటల చికిత్సా కలిపి ఇస్తే ఏ ఒక్కటి ఇచ్చినదానికంటే మంచి ఫలితం వస్తుంది కాబట్టి, ఈ పని మొదటి నెలలోనే చేసి ఉండవలసిందని నా అభిప్రాయం. ఖాళీ సమయాలు లేవని నన్ను రెండున్నర నెలలు ఆపారు.

నాకు ఇచ్చినది బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి. పేరు పెద్దది, పని చిన్నది. ఆలోచనలను పరీక్షించి సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అదే సీబీటీ, గురించి చాలామంది వినే ఉంటారు. 1960ల్లో ఆరన్ బెక్ దానికి పునాది వేశారు. బిహేవియరల్ యాక్టివేషన్ ఆ ఆలోచనల జోలికి అంతగా వెళ్లదు. కుంగిన మనిషి పనులు మానేస్తాడు, పనులు మానేసినందువల్ల సంతోషమో తృప్తో కలిగే దారులు మూసుకుపోతాయి, అవి మూసుకుపోయినందువల్ల మరింత కుంగుతాడు, కాబట్టి ఈ గుండ్రాన్ని పని దగ్గర తెంపాలి, మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా పని చేసి మనసు వెనకాలే రావడానికి దారి ఇవ్వాలి అన్నది దాని మూలసూత్రం. 2016లో 440 మందితో జరిగిన ఒక ప్రయోగం, ఈ పద్ధతి సీబీటీకి ఏమీ తీసిపోదని చూపించింది. పైగా తక్కువ శిక్షణ ఉన్నవాళ్లు కూడా దీన్ని చేయించగలిగారు.

మొదటి వారం నాకు ఇచ్చిన పని ఒక్కటే: రోజును గంటల గళ్లుగా గీసి, ఏ గంటలో ఏం చేశానో, అప్పుడు మనసు 10కి ఎంత ఉందో రాయడం. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. మంగళవారం గళ్లలో "7–8: మంచం మీదే. 2", "8–9: మంచం మీదే, ఫోన్. 1", "9–10: ఫోన్. 1" అని వరుసగా ఉన్నాయి. సాయంత్రం ఆరు గంటల గడిలో మాత్రం "కుండీల్లో మొక్కలకు నీళ్లు పోశాను. 4" అని ఉంది. నేను ఆ నాలుగును గమనించలేదు. సైకాలజిస్టు దాని చుట్టూ పెన్సిలుతో గుండ్రం చుట్టి, "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు. చెప్పలేకపోయాను. నీళ్లు పోయకముందు అడిగి ఉంటే ఆ పనికి ఎంత వేసేవారని అడిగారు. 1 వేసేదాన్నని చెప్పాను. అప్పుడు ఆయన కాగితం మీద ఇంకో వరుస గీశారు: పనికి ముందు నా అంచనా, పని తర్వాత నిజం. తర్వాతి మూడు వారాలు ఆ రెండు వరుసలే నా చికిత్స. ఉతికిన బట్టలు మడతపెట్టడం: అంచనా 1, నిజం 3. మేడ మీద పది నిమిషాల నడక: అంచనా 2, నిజం 5. అక్కకు ఫోన్ చేయడం: అంచనా 0, నిజం 4. ఏదో ఒకటి రెండు చోట్ల తప్ప ఎప్పుడూ నా అంచనా నిజం కంటే తక్కువే. "నీ ఆలోచన తప్పు" అని ఎవరు చెప్పినా ఆ రోజుల్లో నాకు ఎక్కేది కాదు. నా చేతిరాతతో నేనే వేసిన అంకెలు చెప్పినప్పుడు కాదనడానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇందులో ఒక మెలకువ ఉంది, అది తెలియక ఇంట్లో సొంతంగా ప్రయత్నించి విఫలమయ్యేవాళ్లు చాలామంది. పని ఎంత చిన్నదిగా ఉండాలంటే, ఆ వారంలో అన్నింటికంటే చెడ్డ రోజున కూడా చేయగలిగేంత చిన్నదిగా ఉండాలి. గది సర్దడం అని రాస్తే అది జరగదు, బల్ల మీది గ్లాసులు వంటింట్లో పెట్టడం అని రాస్తే జరుగుతుంది. ఏ రోజు, ఏ గంటకు అన్నది కూడా ముందే రాయాలి. చేయాలనిపించినప్పుడు చేద్దామనుకుంటే, అలా అనిపించకపోవడమే ఈ జబ్బు కదా. అందుకే "కాస్త బయట తిరిగిరా, అదే తగ్గుతుంది" అని బంధువులు చెప్పే మాటకూ, ఈ చికిత్సకూ పైకి పోలిక కనిపించినా లోపల పోలిక లేదు. మొదటిది చేయలేకపోతే మరో నింద మిగులుతుంది, రెండోది చేయలేకపోతే ఆ పనిని ఇంకా చిన్నగా కోస్తారు. నేను మొత్తం 16 గంటలు కూర్చున్నాను. అందులో నాలుగైదు గంటలు ఏమీ ఒరగకుండానే గడిచాయి, ఒక గంట మొత్తం ఏడ్చాను. అయినా ఈ 14 నెలల్లో దేనికి ఎక్కువ విలువ కడతావని అడిగితే ఆ 16 గంటలకే కడతాను.

ఐదో నెలలో అంకె 8. ఆరో నెలలో 9కి ఎక్కింది. వైద్యురాలు తన ఫైలులో నీలం సిరా చుక్కలతో ఒక గీత గీసుకుంటూ వస్తున్నారు, ఆ రోజు దాన్ని నా వైపు తిప్పారు. 19 దగ్గర మొదలైన గీత 16, 17, 14, 11, 8 మీదుగా వచ్చి 9 దగ్గర కొంచెం తల ఎత్తింది. నా లోపల అంతా మళ్లీ మొదటికి వచ్చినట్లే ఉంది, కానీ కాగితం మీద అలా లేదు. సెర్ట్రలిన్ 150కి పెంచి, నిద్రవేళలను చక్కదిద్దారు. ఏడో నెలలో 4 వచ్చింది. అప్పటి నుంచి 2కూ 5కూ మధ్య తిరుగుతోంది.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది చాలా ముఖ్యం: ఈ మందుల వల్ల లైంగిక ఆసక్తి, తృప్తి తగ్గుతాయని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇది అరుదైన దుష్ప్రభావం కాదు, ఈ తరగతి మందులన్నింటిలో తరచుగా కనిపించేదే, సిగ్గు వల్ల రోగులు చెప్పరు, మొహమాటం వల్ల వైద్యులు అడగరు, చివరికి చెప్పకుండా మందు మానేయడం జరుగుతుంది. నేను మూడు నెలల తర్వాత కాగితం వెనక రాసి ఇస్తే గానీ ఆ చర్చ జరగలేదు. చర్చ జరిగాక మాత్రం బ్యుప్రోపియన్, మిర్టాజపిన్ వంటి, ఆ ఇబ్బంది తక్కువగా ఉండే మందుల గురించి వాటి లాభనష్టాలతో సహా వివరించారు. మిర్టాజపిన్ నిద్రనూ ఆకలినీ పెంచుతుంది, బరువు పెరగవచ్చు. బ్యుప్రోపియన్ మూర్ఛ ఉన్నవాళ్లకు పనికిరాదు. ఆలోచించి, ఉన్న మందుతోనే కొనసాగాలని నేనే నిర్ణయించుకున్నాను. కానీ ఆ నిర్ణయం మొదటి రోజే నా చేతిలో ఉండవలసింది. రెండోది, మధ్యలో సైకాలజిస్టు మారారు. వచ్చిన కొత్త వ్యక్తికి పాత నోట్సు అందలేదు, చెప్పిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పడానికి రెండు గంటలు పోయాయి. కుంగిన మనిషి చేత తన కథను రెండోసారి చెప్పించడం చిన్న విషయం కాదు. వేచి ఉండే గదిలో ఇచ్చిన సమయం కంటే ప్రతిసారీ ముప్పావు గంట ఆలస్యం కావడం గురించి ఎక్కువ రాయను.

ఈ పద్ధతి అందరికీ ఇదే ఫలితం ఇస్తుందని నేను చెప్పడం లేదు. రెండు మందులు సరైన మోతాదులో, సరైన గడువు వరకు వాడినా తగ్గకపోతే దారులు మూసుకుపోయినట్లు కాదు. లిథియం వంటి మందును తోడు ఇస్తారు. తలపై అయస్కాంత తరంగాలతో చేసే టీఎంఎస్ చికిత్సకు అమెరికాలో 2008లో, ముక్కులో కొట్టుకునే ఎస్కెటమిన్‌కు 2019లో అనుమతి వచ్చింది. తిండీ నీళ్లూ మానేసేంత, వాస్తవం చెదిరిపోయేంత తీవ్రమైన కుంగుబాటుకు ఈసీటీ, అంటే విద్యుత్ చికిత్స, ఇప్పటికీ అత్యంత బలమైన ఆయుధాల్లో ఒకటి. 1938లో రోములో మొదలైన ఆ చికిత్స గురించి సినిమాలు నాటిన భయం ఇంకా పోలేదు. ఇప్పుడు దాన్ని మత్తు ఇచ్చి, కండరాలు సడలించే మందు ఇచ్చి చేస్తారు. కొంత జ్ఞాపకశక్తి దెబ్బతినడం నిజమైన దుష్ప్రభావమే, దాన్ని దాచకుండా చెప్పే చోటే చేయించుకోవాలి. క్లినిక్ వేచి ఉండే గదిలో నాకు పరిచయమైన ఒక పెద్దావిడ ఈసీటీ తర్వాత మళ్లీ అల్లికల పని మొదలుపెట్టారు. తన చేతి సంచిలోంచి సగం అల్లిన స్వెట్టరు తీసి చూపించినప్పుడు నా చిన్నతనపు భయం చాలావరకు పోయింది.

మాత్రలు తీసుకునేవాళ్లకు నేను నొక్కి చెప్పదలచినది ఒకటి ఉంది. బాగున్నానని అనిపించిన రోజున మాత్ర ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలో కలవరం, తలలో సన్నగా కరెంటు కొట్టినట్లుండడం వంటివి వస్తాయి. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటి, శరీరంలోంచి త్వరగా వెళ్లిపోయే మందులతో ఇవి ఎక్కువ. లక్షణాలు పోయాక కూడా కనీసం ఆరు నెలలు అదే మోతాదు కొనసాగించాలి, జబ్బు మళ్లీ మళ్లీ వచ్చినవాళ్లు ఇంకా ఎక్కువ కాలం. చాలాకాలంగా మందు వాడుతూ బాగున్నవాళ్లు 478 మందితో జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. మందు కొనసాగించినవాళ్లలో ఏడాదిలోపు 39 శాతం మందికి, క్రమంగా తగ్గించి ఆపినవాళ్లలో 56 శాతం మందికి కుంగుబాటు తిరిగి వచ్చింది. ఈ రెండు అంకెలూ నాకు ముఖ్యమే. ఆపినా దాదాపు సగం మంది బాగానే ఉన్నారు, కొనసాగించినా కొందరికి తిరిగి వచ్చింది. కాబట్టి ఆపాలా వద్దా అన్నది భయంతోనో పంతంతోనో కాక, వైద్యులతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం.

నా విషయంలో ఇది రెండో విడత కాబట్టి మరో ఏడాది ఇదే మోతాదు కొనసాగించి, ఆ తర్వాత నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిద్దామని నిర్ణయించాం. ఇప్పుడు మూడు నెలలకొకసారే వెళ్తున్నాను. క్రితంసారి వెళ్లినప్పుడు సైకాలజిస్టు నా చేత ఒక చివరి కాగితం రాయించారు. జబ్బు తిరిగి వస్తుంటే మొదట కనిపించే గుర్తులు మూడు: ఫోను మోగుతుంటే చూస్తూ కూర్చోవడం, తెల్లవారుజామున నాలుగులోపు మెలకువ, మొక్కలకు రెండు రోజులు నీళ్లు పోయకపోవడం. వీటిలో ఏ రెండు వారంపాటు ఉన్నా తొమ్మిది ప్రశ్నల కాగితం నింపాలి, అంకె 10 దాటితే మూడు నెలలు ఆగకుండా ఫోన్ చేయాలి. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మాత్రల పెట్టె మూత లోపల అంటించాను, దాని నకలు అక్క దగ్గర ఉంది.